దొర వ్రాయని మాట

ఎల్లారెడ్డి, 1941

కామారెడ్డి తహసీల్దారు గారి సముఖమునకు,

మా గ్రంథాలయము నడుపు జిలానీ సభలో చదివిన ‘ఒక ఆంగ్ల రచయిత అభిప్రాయములు’ అను వ్యాసమునకు ముందుగా అనుమతి నిచ్చినది తామే. “దేశము ఏలువానిది కాదు, దున్నువానిది” అను వాక్యమునకై ఇప్పుడతనిని ఠాణాలో ఉంచి, ఆ ఇంగ్లీషు గ్రంథమును తెచ్చి చూపుమనుచున్నారట.

అతడు చూపలేడు. అట్టి గ్రంథము లేదు, అట్టి రచయితయు లేడు. రచనను, మతమును, దేశమును గూర్చి అందున్న ప్రతి అక్షరము నాది. ముప్పది యేండ్లు వ్యాకరణము బోధించిన నేను, పింఛను పోవునన్న భయమున, అనువాదమని చెప్పి అతని కిచ్చి, లేని తెల్లదొర చాటున దాగితిని.

సభనాడు జిలానీ నవ్వి, “పంతులుగారూ, గీ దొర మన ఎల్లారెడ్డిల పుట్టినట్టే రాసిండు గదా! ఆ కితాబు నాకు గూడ ఇయ్యుండ్రి” అనెను. ఇచ్చెదనని బొంకితిని.

కొట్టివేతలతో ఉన్న నా చిత్తుప్రతిని జతపరచితిని, ఈ లేఖతో దస్తూరి పోల్చుకొనగలరు. రేపటి బస్సుకు నేనే ఠాణాకు వచ్చుచున్నాను. జిలానీని విడువుడు.

“పొరుగువాని ప్రార్థనవేళ నీ గొంతు తగ్గించుము” అను వాక్యము ప్రక్కన, అనుమతించి తిరిగి పంపిన ప్రతిలో, తాము ‘దొర బాగుగా చెప్పెను’ అని వ్రాసితిరి. అదియు నాదే.

ఇట్లు,
పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయుడు