కోదాడలో సముద్రపు పువ్వు

ఏప్రిల్ 6, ఆదివారం. సాయంత్రం 5.
వచ్చేసింది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నీళ్లు నింపిన కవరులో నిమ్మకాయంత ముద్ద. సీ అనెమొనీ. చూడ్డానికి పువ్వు, నిజానికి సముద్రపు జంతువు. పంతొమ్మిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు దీని బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. ప్రాణంతో చూడడం ఇదే మొదటిసారి.
అక్వేరియం దుకాణం కాశీరాం ముందు ఇవ్వనన్నాడు. "మేడం, మీరు తొట్టి పెట్టి నెల గూడ కాలే. ఆర్నెల్లు నీళ్లు కుదురుకోవాలె. అప్పుడు తీస్కపోండ్రి."
"నేను జువాలజీ లెక్చరర్‌ని" అన్నాను. కవరు కట్టి ఇచ్చాడు.
జూన్‌లో కాలేజీ తెరవగానే పిల్లలను ఇంటికి పిలిచి చూపిస్తాను. తీర్మానాలు:
రోజూ పొద్దున ఆరింటికి ఉప్పు మీటరు చూడాలి. సముద్రంలో ఉన్నంతే, 1.025 దాటకూడదు.
ఆవిరైన మేరకు మంచినీళ్లు పోయాలి.
మేత వారానికి రెండుసార్లే, గోరంత రొయ్య ముక్క.
వారానికోసారి కొన్ని నీళ్లు మార్చాలి.
డైరీ తప్పకూడదు.

ఏప్రిల్ 7. ఉదయం 6.00.
1.025. రాయిని పట్టుకుంది. 6.20కి విచ్చుకుంది. లేత ఆకుపచ్చ చేతులు, చివర్లు ఉబ్బి గులాబీ రంగు. నా టీ చల్లారిపోయింది.
మా అత్తమ్మ పిచ్చమ్మ వచ్చి వంగి చూసింది. "దీనికి కండ్లున్నయా?"
"లేవు అత్తమ్మా. మెదడు కూడా లేదు."
"మరి ఇంత అందం ఎవ్వరికోసం?"
అది సిలబస్‌లో లేదు.

ఏప్రిల్ 10. ఉదయం 6.40.
1.025. నలభై నిమిషాలు ఒక ఆలస్యమా. రొయ్య ముక్క పెట్టగానే చేతులన్నీ ముడిచి నోట్లోకి తోసుకుంది. మా ఆయన ప్రభుదాస్ మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చి, ఒంటి మీది దుమ్ముతోనే నిలబడి చూశాడు. "ఇంకోటి పెట్టు" అన్నాడు. పెట్టలేదు.

ఏప్రిల్ 15. ఎప్పుడో మధ్యాహ్నం.
నాలుగు రోజులు రాయలేదు. మీటరూ చూడలేదు. ఎండ నలభై మూడు. తొట్టిలో రోజూ వేలెడు నీళ్లు తగ్గుతున్నాయి. మంచినీళ్ల క్యాను ఆటో రాలేదు, ప్లాంటు దాకా వెళ్లి మోసుకురావాలి. నీళ్లు మార్చడానికని ఉప్పు కలిపి ఉంచిన బకెట్ పక్కనే ఉంది. అవే పోశాను. సముద్రపు జంతువు, ఉప్పునీళ్లకు ఏమనుకుంటుంది.

ఏప్రిల్ 20. ఈస్టర్.
చర్చి నుంచి మావాళ్లు పదకొండు మంది భోజనానికి వచ్చారు. అది మింగడం అందరూ చూడాలన్నారు. "పండుగ పూట పస్తుంచుతవా వదినా?" అంది ఆడపడుచు విజయ. ఏడు ముక్కలు తిన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఏప్రిల్ 21.
ఏడూ కక్కేసింది. నీళ్లు తెల్లబడి వాసన. రేపు మారుస్తాను.

ఏప్రిల్ 26.
మార్చలేదు. పెళ్లికి మిర్యాలగూడ, తర్వాత జలుబు, తర్వాత ఏమీ లేదు. రోజూ బకెట్ నీళ్లే పోస్తున్నాను. అది ముడుచుకుని రేగుపండంత అయింది. విశ్రాంతి తీసుకుంటోందని ప్రభుదాస్‌కు చెప్పాను. మీటరు ముంచాలంటే భయం.

ఏప్రిల్ 27. ఉదయం 9.
బకెట్ ఎత్తుతుంటే అత్తమ్మ ఆపింది. "గా నీళ్లల్ల ఉప్పున్నదా?"
"ఉంది."
"తొట్టిల నీళ్లు ఆవిరైతున్నయ్, ఉప్పు యాడికి పోతది? పులుసు మరిగితే ఉప్పు ఎక్కదా?"
మీటరు ముంచాను. 1.036.
నాకు తెలియని సంగతి కాదు. తొలిరోజే రాసుకున్నాను. క్యాను మొయ్యడానికి బద్ధకించి పోశాను. నేల మీద కూర్చుండిపోయాను. అత్తమ్మ పక్కన కూర్చుంది.
కాశీరాంకు ఫోన్. "ఉప్పు ఒక్కపారే దించకుండ్రి మేడం, సస్తది. గ్లాసుతోని, జర జర."
గంటకో గ్లాసు మంచినీళ్లు. ఒకసారి నేను, ఒకసారి ఆమె.

ఏప్రిల్ 30.
1.031. కదలిక లేదు.

మే 2.
మధ్యలోకి చిరిగిపోయింది. చూడలేక తొట్టి మీద తువ్వాలు కప్పాను. వచ్చి తొట్టితో సహా తీసుకుపొమ్మని కాశీరాంకు చెప్పాను. ఇక డైరీ కూడా వద్దు.

మే 4.
రాయక తప్పడం లేదు. కాశీరాం వచ్చి తువ్వాలు తీశాడు. చాలాసేపు చూసి నవ్వాడు. "మేడం, ఇది సావలే. రెండైంది. పానం మీదికొస్తే ఇవి గిట్ల చీలుతయ్."
రాయికి అటొకటి, ఇటొకటి. రెండింటికీ చేతులున్నాయి. దీని గురించి పిల్లలకు ఏటా అరపేజీ నోట్సు చెబుతాను. కళ్ల ముందు జరిగితే చావు అనుకున్నాను.
"ఒకటి మీరుంచుకోండ్రి, ఒకటి నేను తీస్కపోత" అన్నాడు.
సరేనని నోటి దాకా వచ్చింది. "రెండూ తీసుకుపో, తొట్టి ఉండనీ. ఆర్నెల్లు నీ దగ్గరే పెంచు" అన్నాను.
అత్తమ్మ మొహం తిప్పుకుంది. కానీ కవర్లు తనే పట్టుకుని గేటు దాకా వెళ్లింది. "కక్కేటట్టు పెట్టకు నాయనా" అని అప్పగించింది.

మే 5. ఉదయం 6.00.
తొట్టిలో నీళ్లు, రాళ్లు. అంతే. కొత్త తీర్మానాలు:
నవంబరు దాకా ఏ ప్రాణినీ తేకూడదు.
తగ్గిన మేరకు పోయాల్సింది మంచినీళ్లే.
జూన్‌లో పిల్లలు వస్తే ఈ నీళ్లే చూపించి, నేను చేసింది చేసినట్టు చెప్పాలి.
అత్తమ్మకు చదువు రాదు. నిన్న సాయంత్రం మంచినీళ్లు పోసి 1.025కి దించాక, మీటరు మీద ముల్లు ఎక్కడుండాలో గోళ్ల రంగుతో గీత పెట్టించుకుంది. ఇవాళ నేను లేచేసరికే తొట్టి ముందు ఉంది.
"గీత కాడనే ఉన్నది. రాస్కో" అంది.
రాసుకున్నాను.