జెలెంకా బార్‌లో ఐదు టీవీలు

కార్వర్స్ ఫెర్రీ, పెన్సిల్వేనియా
సెప్టెంబర్ 20, 2004

బ్లూ హెరాన్ కేబుల్ కంపెనీ, వ్యాపార ఖాతాల విభాగం వారికి బెర్నడెట్ జెలెంకా నమస్కరించి రాయునది.

ఫోన్ చేస్తే మీవాళ్ళు వరసబెట్టి పాటలు వినిపిస్తున్నారు. వినే తీరిక నాకు లేదు, అందుకే ఈ ఉత్తరం.

మా బార్‌లో ఐదు టీవీలు. పోయిన నెల మీ మనిషి వచ్చి, ప్రతి టీవీకీ ఒక కొత్త సెట్‌టాప్ బాక్స్ బిగించి, ఐదింటికీ కలిపి ఒకే రిమోట్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఏ బాక్స్‌కు గురిపెట్టి నొక్కినా ఐదూ కలిసి మారిపోతున్నాయి.

ఆదివారం మావాళ్ళకు ఫుట్‌బాల్ ఉండాలి. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ఊళ్ళో మగాళ్ళు నోరారా అరిచే చోటు నా బార్ ఒక్కటే. నాలుగు టీవీలు వాళ్ళవి. మూలనున్న ఐదోది వెండెల్ హ్రుష్కాది. కొలిమి దగ్గర పొగ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయిన మనిషి. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. క్రిస్మస్ దాటడని డాక్టర్ తేల్చేశాడు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా, ఆ గోధుమరంగు కోటుతోనే వచ్చి మూల కూర్చుంటాడు. గుండు దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్ తప్ప ఇంకేదీ ఆటే కాదంటాడు. నా మొగుడి శవపేటిక మోసినవాళ్ళలో ఇంకా బతికున్నది ఇతనొక్కడే.

కాబట్టి అతనున్నన్నాళ్ళూ ఆ మూల టీవీలో బౌలింగ్ రావాలి. మిగతా నాలుగింట్లో ఫుట్‌బాల్ పోకూడదు. నేనడిగేది ఇంతే.

ఇట్లు,
బెర్నడెట్ జెలెంకా

తా.క.: మీ మనిషి నిచ్చెన మరిచిపోయాడు. మీరు ఇచ్చినవాటిలో సరిగ్గా పనిచేస్తున్నది అదొక్కటే.

* * *

డేటన్, ఒహాయో
అక్టోబర్ 4, 2004

గౌరవనీయులైన ఖాతాదారు శ్రీమతి జెలెంకా గారికి,

మీ ఫిర్యాదును శ్రద్ధగా పరిశీలించాము. ఐదు బాక్సులకు ఒకే రిమోట్ ఇవ్వడం మా పొరపాటే. ఇందుతో ఐదు రిమోట్లు పంపుతున్నాము. ఒక్కోదాని మీద ఒక్కో అంకె అంటించాము. ఇకపై ఎవరి టీవీని వారు నిశ్చింతగా నడుపుకోగలరు.

విధేయుడు,
క్లిఫర్డ్ రెన్‌క్విస్ట్
వ్యాపార ఖాతాల విభాగం

తా.క.: హ్రుష్కా గారు త్వరగా కోలుకోవాలని మా విభాగం కోరుకుంటోంది.

* * *

కార్వర్స్ ఫెర్రీ
అక్టోబర్ 18, 2004

రెన్‌క్విస్ట్ గారికి,

అంకెలు ముచ్చటగా ఉన్నాయి. కానీ మీ బాక్సులకు చదువు రాదు. ఇదివరకు ఒక రిమోట్ ఐదు టీవీలనూ చెడగొట్టేది. ఇప్పుడు ఐదు రిమోట్లు, ఒక్కొక్కటీ ఐదేసి టీవీలను చెడగొడుతున్నాయి.

నిన్న వెండెల్ కోసం నేను బౌలింగ్ నొక్కాను. ఐదింట్లోనూ బౌలింగ్. ఆగీ డెలూకా అని మా ఫుట్‌బాల్ మూకకు పెద్ద, అతను తన రిమోట్ నొక్కాడు. ఐదింట్లోనూ ఫుట్‌బాల్. మళ్ళీ నేను. మళ్ళీ ఆగీ. ఈ గోలలో మావాళ్ళ జట్టు ఎప్పుడు ఓడిపోయిందో కూడా ఎవరూ చూడలేదు.

"బెర్నీ, చచ్చేవాడి కోసం బతికున్నవాళ్ళని చంపుతావా?" అన్నాడు ఆగీ. వెండెల్ వింటుండగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెండెల్ మాత్రం నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే మొహం నీలంగా మారుతుంది. అయినా నవ్వాడు.

చివరికి ఒక ఉపాయం చేశాను. నలుగురిని నాలుగు బాక్సుల ముందు పీజా అట్టపెట్టెలు అడ్డం పట్టుకుని నిలబడమన్నాను, అప్పుడు మూల టీవీకి బౌలింగ్ పెట్టాను. పని జరిగింది. కానీ ప్రతి ఆదివారం మనుషుల్ని అలా నిలబెట్టలేను కదా. వాళ్ళు తాగడానికొస్తారు.

ఇట్లు,
బెర్నడెట్ జెలెంకా

తా.క.: వెండెల్ కోలుకోడు. ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే రాశాను.

* * *

డేటన్
నవంబర్ 1, 2004

గౌరవనీయులైన శ్రీమతి జెలెంకా గారికి,

బాక్సుల ముందు మనుషులు నిలబడుతున్నారని మీరు రాయడంతో లోపం ఎక్కడుందో బోధపడింది. జనం అడ్డురావడం వల్ల రిమోట్ సంకేతం బాక్సులకు అందడం లేదు.

అందుచేత కొత్త రకం రేడియో రిమోట్లు ఐదింటిని మా సాంకేతిక నిపుణుడి చేత పంపుతున్నాము. వీటిని గురిపెట్టనవసరం లేదు. మనుషులు, అట్టలు, గోడలు ఏవి అడ్డొచ్చినా పనిచేస్తాయి. జేబులో ఉంచుకునే నొక్కవచ్చు. మీకు ఇబ్బంది కలగకుండా అన్ని బాక్సులకూ ఒకే సంకేతం పెట్టిస్తున్నాము.

విధేయుడు,
క్లిఫర్డ్ రెన్‌క్విస్ట్

తా.క.: నిచ్చెన దయచేసి అతని చేతికి అప్పగించండి.

* * *

కార్వర్స్ ఫెర్రీ
నవంబర్ 22, 2004

రెన్‌క్విస్ట్ గారికి,

మీరు పెట్టించిన ఆ ఒకే సంకేతం మీ నెత్తిన పడ!

ఇప్పుడు అట్టలు అడ్డం పెట్టినా లాభం లేదు. అంతటితో ఆగిందా? మా పక్క గోడ శవసంస్కారాలు చూసే ఓరావెక్‌ది. ఊళ్ళో ఎవరు పోయినా కడసారి చూపు, ప్రార్థనలు అన్నీ అక్కడే. అతనిదీ మీ కేబులే. మీ నిపుణుడు అదే రోజు అతని బాక్స్‌కూ అదే సంకేతం పెట్టిపోయాడు. పాపం ఓరావెక్, మీ సంగీతం చానెల్లో ప్రార్థన గీతాలు పెట్టుకుంటాడు. మొన్న టామ్కో గారి ముసలమ్మ శవపేటిక ముందు అందరూ మోకాళ్ళ మీద ఉన్నారట. ఇక్కడ నేను మీట నొక్కాను. అక్కడ టీవీ, ఫుట్‌బాల్‌లో ఎవరికో పాయింట్లు పడ్డాయని, "టచ్‌డౌన్!" అంటూ అరిచింది. ఆ ఏడుపులోనే ఆమె మరిది తలెత్తి, "ఎవరిది?" అన్నాడట.

ఇంకో విడ్డూరం. కొత్త రిమోట్లు నాలుగే కనిపిస్తున్నాయి. గొడవలు పడలేక ఆ నాలుగింటినీ సొరుగులో పెట్టి తాళం వేసి, ఫుట్‌బాల్ ఉంచేశాను. వెండెల్‌కు క్షమించమని చెప్పుకున్నాను కూడా. అయినా నిన్న ఆట మంచి పట్టులో ఉండగా ఐదు టీవీల్లోనూ బౌలింగ్ ప్రత్యక్షం!

బార్ అంతా మూలకు తిరిగింది.

"ఒరే ముసలోడా, ఇది నీ పనేనా?" అని ఆగీ లేచాడు.

"నాదా? ఊపిరి తీసుకోవడానికే నాకు ఓపిక లేదురా," అని వెండెల్ గుండె మీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టి ప్రమాణం చేశాడు. అతని మాట పూర్తికాకముందే ఫుట్‌బాల్ తిరిగొచ్చింది. ఆగీ సిగ్గుపడిపోయాడు. బీరు తెచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మూల వెండెల్ పక్కన ఒకరు కూర్చోవడం నేను చూడలేదు.

మీ బాక్సుల్లో దయ్యం ఉంది. వచ్చి తీసుకుపోండి.

ఇట్లు,
బెర్నడెట్ జెలెంకా

తా.క.: మీ నిపుణుడు ఈసారి నిచ్చెన తీసుకుని టోపీ వదిలేశాడు. టోపీ మీద ఎక్కడానికి కుదరడం లేదు.

* * *

డేటన్
డిసెంబర్ 3, 2004

గౌరవనీయులైన శ్రీమతి జెలెంకా గారికి,

మా బాక్సుల్లో దయ్యాలు ఉండవు. ఐదు రిమోట్లూ మీకు అందినట్టు మీ సంతకం ఉంది. ఐదోదాన్ని వెతికించండి.

మీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. మీరు కోరుతున్నది ఒక్కో బాక్స్‌కు ఒక్కో సంకేతమని ఇప్పుడు గ్రహించాను. జనవరి 10న మా నిపుణుడు వచ్చి మీకూ, ఓరావెక్ గారికీ వేరువేరు సంకేతాలు పెడతాడు. అంతవరకు ఆదివారాల్లో కడసారి చూపులు పెట్టుకోవద్దని ఓరావెక్ గారికి మా విన్నపంగా చెప్పగలరు.

ఐదో టీవీ హ్రుష్కా గారి బాధ్యతలో ఉన్నట్టు అర్థమైంది. రిమోట్ వాడకంపై డిసెంబర్ 14న ఇక్కడ జరిగే ఉచిత శిక్షణకు వారిని ఆహ్వానిస్తున్నాము.

విధేయుడు,
క్లిఫర్డ్ రెన్‌క్విస్ట్

తా.క.: ఆక్సిజన్ సిలిండర్ వెంట తెచ్చుకోవచ్చు. అడిగి కనుక్కున్నాను.

* * *

కార్వర్స్ ఫెర్రీ
డిసెంబర్ 14, 2004

క్లిఫర్డ్ గారికి,

వెండెల్ మీ శిక్షణకు రాలేడు. గురువారం తెల్లవారుజామున పోయాడు. నిన్న మట్టి చేశాం.

కడసారి చూపు ఆదివారమే పెట్టారు. మీ విన్నపం ఓరావెక్‌కు చెప్పాను. అతను మీ గురించి అన్న మాట ఉత్తరంలో రాయలేను.

మధ్యాహ్నం బార్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. జనమంతా గోడ అవతల. వచ్చేవాళ్ళ కోసం క్యాబేజీ నూడుల్స్ వేడిచేస్తున్నాను. ఓరావెక్ గీతాలు పెట్టుకోకముందే నేను అలవాటు కొద్దీ పెట్టిన ఫుట్‌బాల్ నడుస్తోంది. నాలుగు రిమోట్లూ సొరుగులో పెట్టి తాళం వేసేశాను. చూస్తుండగానే ఐదు టీవీల్లో బౌలింగ్ వచ్చింది. కాసేపటికి ఫుట్‌బాల్. మళ్ళీ బౌలింగ్. గోడ అవతల ప్రార్థన గీతం ఆగిపోయి, కొయ్యలు దబదబా పడిన చప్పుడు వినపడింది. శిలువ గుర్తు వేసుకుని, గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తాను.

అక్కడ ఆగీ పేటిక మీదికి వంగి, వెండెల్ గుండె మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. టీవీలో కొయ్యలు పడుతూనే ఉన్నాయి, అతను లేచాక కూడా ఆగలేదు. వెనక వరసలోంచి ఇంకొకరు వచ్చి గుండె మీద చెయ్యి పెట్టారు. గీతం తిరిగొచ్చింది. అప్పుడు నాకు వెలిగింది.

వెండెల్‌కు తొడిగింది ఆ గోధుమరంగు ఆదివారం కోటే. లోపలి జేబు ఓరావెక్ చూసుకోలేదు. చెయ్యి పెట్టి తీశాను. మీ ఐదో రిమోట్. నొక్కిన ప్రతిసారీ ముందటి చానెల్‌కు తిప్పే మీట పైకి ఉంది.

గుండె మీద చెయ్యేసి నాకెన్ని ప్రమాణాలు చేశాడండీ ఆ దొంగ!

బౌలింగ్ కోసమే చేశాడనుకున్నాను. కానీ ఆలోచిస్తే, టీవీలు మారినప్పుడు వెండెల్ ఒక్కసారి కూడా టీవీ వైపు చూడలేదు. మూలకు తిరిగిన మా మొహాలే చూసేవాడు. అంతకుముందు మేమెవరం ఆ మూలకు తిరగలేదు. నేనూ తిరగలేదు. టీవీ పెట్టిస్తే చాలనుకుని, మీకు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. అతని పక్కన కూర్చోలేదు.

రిమోట్ ఆగీకి చూపించాను. ముందు తిట్టాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఎక్కణ్ణించి తీశావో అక్కడే పెట్టెయ్, బెర్నీ," అన్నాడు. ఇక్కడ పోయినవాళ్ళకు ఇష్టమైనవి పేటికలో పెట్టి పంపడం అలవాటే. నా మొగుడితో పేకముక్కలు పంపాం.

కాబట్టి ఐదో రిమోట్ కోసం వెతకొద్దు. అది మీ ఖాతాదారు దగ్గరే ఉంది. జనవరి 10న మనిషిని పంపి ఓరావెక్ ఒక్కడికే సంకేతం మార్చండి. నా ఐదూ కలిసే ఉండనివ్వండి.

ఒక్క సంగతి మాత్రం తెలపండి. ఈ రిమోట్ ఎంత దూరం పనిచేస్తుందో మీరు రాయలేదు. మా శ్మశానం బార్ వెనక కొండ మీదే.

ఇట్లు,
మీ బెర్నడెట్

తా.క.: మూత వేసేముందు కొత్త బ్యాటరీలు వేశాను.