రెండో రికార్డర్‌లో జంపక్క గొంతు

అమ్మకు శారద దండాలు. ఖమ్మంలో నేను కులాసా. నువ్వు, తమ్ముడు, కొత్తగా ఈనిన ఆవు అందరూ బాగున్నారని చదివాక మనసు కుదుటపడింది. నువ్వు చెబుతుంటే తమ్ముడు బాలకృష్ణ రాసినట్టున్నాడు. "జల్దీ రాయి, దొంగ సచ్చినోడా" అని మధ్యలో వాణ్ణి తిట్టింది కూడా రాసేశాడు. రెండుసార్లు చదువుకుని నవ్వాను.

అడిగినవాటికి ముందు జవాబులు. వానకు నా గది కురవడం లేదు, ఇంటాయనే రేకు మార్పించాడు. అన్నం వేళకే తింటున్నాను. నువ్వు పంపిన మామిడి ఒరుగుల్లో సగం కింది పోర్షన్ రాజ్యశ్రీ అక్క పప్పులో వేసుకుంటానని పట్టుకుపోయింది. మొహమాటానికి సరే అన్నాను, ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఇక ఆ చివరి ప్రశ్న. "జంపక్క పాట ఎత్తుతలేదు. పెన్‌డ్రైవ్‌ల ఇన్నకాన్నుంచి, నా గొంతు సచ్చిపోయిందే కొండమ్మా అంటది. నాట్లల్ల అందరం నోరు మూసుకొని వంగుతున్నం. నువ్వు మిషన్ కాడ ఉన్నవ్ గద, నిజంగ ఆమె గొంతు పోయిందా?" అని అడిగావు.

పోలేదమ్మా. నేనే తీసేశాను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. సిగ్నల్ కోసం నువ్వు గుట్ట ఎక్కాలి, పైగా నువ్వు "ఏందే?" అనగానే నేను మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే కాగితం.

ఎండాకాలంలో నువ్వు, జంపక్క పెద్దమ్మ, భీమక్క దమ్మపేట బస్సెక్కి నాట్ల పాట రికార్డు చేయించడానికి నేను పనిచేసే స్టూడియోకు వచ్చారు కదా. నా ముందు వరుసగా గుండీలున్న పెద్ద బల్ల చూసి ఇదేందని అడిగావు. దాన్ని మిక్సర్ అంటారు. మీ ముగ్గురి మైకులూ అందులోకే వస్తాయి, ఒక్కో గుండీతో ఒక్కో గొంతు పెంచొచ్చు, తగ్గించొచ్చు. అక్కణ్ణుంచి ఏ గొంతు ఎటు పోవాలో వైర్లు పెట్టేది నేను. ఆ రోజు రెండు రికార్డర్లకు పంపాను. మొదటిదాంట్లోకి మూడు గొంతులూ కలిసి పోతాయి. మీకిచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అదే. రెండోదాంట్లోకి ఎవరి గొంతు వాళ్లది విడిగా, గుండీకి ముందే తీసిన వైరు గుండా పోతుంది. గుండీ తగ్గించినా అక్కడ తగ్గదు. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని మా సారు నేర్పిన పద్ధతి.

అద్దం అవతల నువ్వు కొత్త చీర కొంగు సర్దుకుంటున్నావు. ఇటు సారు, "దీంట్ల మీ అమ్మ గొంతేది?" అన్నారు. పెద్దమ్మ గొంతే అందరికన్నా పైకి వస్తోంది. నా వేలు ఆమె గుండీ మీదికి పోయింది. కొంచెం తగ్గించాను, నువ్వు వినిపించావు. ఇంకొంచెం తగ్గించాను. పాట అయ్యేసరికి ఆమె ఎక్కడో చేను అవతల పాడుతున్నట్టయింది. "మీ అమ్మ మంచిగ పాడుతదమ్మా" అన్నారు సారు. సిగ్గు లేకుండా ఎంత పొంగిపోయానో!

నీ ఉత్తరం వచ్చాక రెండో రికార్డర్ తీసి పెద్దమ్మ గొంతు ఒక్కటే పెట్టుకున్నాను. వెనకాల సన్నగా మీరిద్దరూ ఉన్నారు. ఆమె గొంతులో వణుకు లేదు, జీర లేదు. ప్రతి చరణం మొదటి మాట ఆమే ముందు చిన్నగా అంటోంది, నువ్వు అందుకుంటున్నావు. మరిచిపోయావు కదమ్మా, చాలాచోట్ల. ఒకచోట నువ్వు పూర్తిగా ఆగిపోయావు. ఆమె కూడా ఆగింది. ఆగి, గుసగుసగా, "పాడు కొండమ్మా, బిడ్డ సూస్తున్నది" అంది.

ఆ గొంతమ్మా నేను తీసేసింది. హెడ్‌ఫోన్ పెట్టుకునే బాగా ఏడ్చాను.

కవరులో మెమరీ కార్డు పెట్టాను. మొదట పెద్దమ్మ గొంతు విడిగా ఉంది, తర్వాత నేను మళ్లీ కలిపిన పాట. ఇందులో ఎవరి గొంతు ఎంత ఉందో అంతే ఉంది. తమ్ముడూ, పెద్దమ్మను మన ఇంటికి పిలవకు, మీరే ఆమె ఇంటికి పోండి. అక్కడ ముందు ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా మింగకు. తర్వాత కార్డు పెట్టు.

అమ్మా, ఆ పెన్‌డ్రైవ్ పాటతో ఊళ్లో నీకొచ్చిన పేరు తగ్గుతుందని తెలుసు. భీమక్క ఎగతాళి చేస్తుంది కూడా. కోపమొస్తే నన్ను తిట్టు, తమ్ముడు ఎలాగూ రాసి పంపుతాడు. కానీ ఇది వింటున్నంతసేపు ఆమె పక్కనే కూర్చో.

పెద్దమ్మా, విన్నావు కదా. తప్పు నాది, నీ గొంతుకు ఏమీ కాలేదు. రేపు మడిలో దిగగానే పాట ఎత్తు. మా అమ్మ మరిచిపోతే మాట అందించు.

ఇట్లు,
మీ ఇద్దరి బిడ్డ
శారద