శనివారం సభకు వస్తాను

గౌరవనీయ ప్రతినిధి గారికి,

టిప్పుల మీద ఆదాయపు పన్ను ఎత్తేసే మీ బిల్లు కోసం మీరు పెడుతున్న సభలో మీ పక్కన నిలబడమని నాకు కబురు వచ్చింది. మా హోటల్ యజమాని వెర్లిన్ గారు నన్ను అడక్కుండానే సరేననేశారు.

పన్నెండేళ్లుగా ఇక్కడ వడ్డిస్తున్నాను. ఇద్దరు పిల్లలకిచ్చే మినహాయింపు పోను, నాకొచ్చే రాబడికి ఆదాయపు పన్ను దాదాపు పడదు. మా చెల్లెలు డార్లా పట్నంలో పెద్ద హోటల్లో చేస్తుంది, టిప్పులు బాగా వస్తాయి, పన్నూ పడుతుంది. ఆమెకు కలిసొస్తుందంటే కాదనను. నా బాధ వేరు. రోజూ వచ్చే డెల్బర్ట్ గారు, నేను కాఫీ పోస్తుంటే మణికట్టు పట్టుకుంటారు. విదిలించుకుంటే టిప్పు రాదు.

అందుకే పోయిన నెల, టిప్పుల కోసం చూడకుండా బతికేలా జీతం పెంచమని వెర్లిన్ గారిని అడిగాను.

"ఇంకా జీతమెందుకమ్మా? టిప్పులకు పన్ను పోతోందిగా, పండగ చేసుకో!" అన్నారు.

డెల్బర్ట్ గారు అది విని, "అయితే ఇక నేనిచ్చేదంతా నీకే. ఇంకాసేపు ఇక్కడే నిలబడు మరి," అంటూ నా మణికట్టు పట్టుకుని బిగించారు. హోటలంతా నవ్వింది.

రాలేనని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతలో వెర్లిన్ గారు తలుపు దగ్గర ఆగి, "శనివారం యూనిఫామ్ ఉతుక్కుని రా. రానంటే సోమవారం నుంచి పనికీ రానక్కర్లేదు," అని వెళ్లారు.

కనుక వస్తాను. ఒక్కటే మనవి. దయచేసి నా చేతికి మైకు ఇవ్వకండి. ఇస్తే, మీ బిల్లు నా బతుకును ఎలా మార్చేసిందో చెబుతాను.

ఇట్లు,
మీ నియోజకవర్గంలో ఒక ఓటరు