నున్నటి గూడ్సు పెట్టె

గూడూరు

అమ్మీకి సుమయా సలాములు. నేను బాగున్నాను. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. మేక ఈనిందా?

మ్యూజియం బొమ్మ రైలు కోసం నేను చెక్కిన పాతకాలం గూడ్సు పెట్టెను, రిటైరైన గార్డు శేషాచలం గారికి చూపించాను. కొలతలన్నీ సరిపోయాయి. కానీ చేత్తో తడిమి ఒకటే నవ్వు! "ఏందమ్మా, ఇంత నున్నగా ఉండాది? ఇది బస్తాలు మోసిన పెట్టెనా, పాయసం గరిటెనా?" అంటూ పాత ఫోటోల్లో గరుకు పలకలు చూపించారు. మన ఉదయగిరి చెక్క గరిటెలు చెక్కిన చెయ్యి దాగుతుందా మరి! సరిచేసి ఇస్తే మ్యూజియం వాళ్లు ఇంకో పది చేయిస్తారట.

ఈ పెట్టెలకు నువ్వు చెక్కే తలుపులను మాత్రం ఉప్పుకాగితం పెట్టి రుద్దకు, అట్లాగే గరుకుగా బస్సులో పంపించు. రుద్దకుండా నీ చెయ్యి ఊరుకోదని తెలుసు. ఆ రుద్దేదేదో అబ్బా మోకాళ్లకు నూనె పెట్టి రుద్దుతూ నాకోసం దువా చెయ్యి.

నీ సుమయా