గంట మోగని ఆఖరి చుట్టు

శ్రీనూ,

ఎలా ఉన్నావని అడగను... ఇవాళ్టికి నలభై మూడు రోజులు. నీ బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు.

నాకింకా నమ్మకం కుదరడం లేదు. రోజూ పొద్దున లేవగానే మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకునేవాడివి. "నా గుండె గుర్రం లెక్కుంటది విమలా, ఫికర్ జెయ్యకు" అనేవాడివి. ఆ మంగళవారమూ చూసుకునే వెళ్ళావు. మధ్యాహ్నం నాంపల్లిలో మీ ఆఫీసు మెట్ల మీద కూలబడ్డావట. దవాఖానకు చేరేసరికే అయిపోయిందన్నారు. ఏం అయిపోయింది? ఫోను చేసిన మనిషి ఎవరినో చూసి నువ్వనుకున్నాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. సైకిలు మీంచి పడ్డావంటే నమ్మేదాన్నేమో... మెట్ల మీదా?

సరే, చెప్పాల్సింది వేరే ఉంది. కోప్పడకు.

మొన్న ఆదివారం సీజన్‌లో మొదటి సైకిలు రేసు పెట్టాం. క్రిటీరియం అని నువ్వంటావు, నాకు నోరు తిరగక చుట్ల రేసు అంటాను. అదే అబిడ్స్‌లో, దుకాణాలు తెరవకముందు. పోస్టాఫీసు దగ్గర మొదలై, మలుపులు తిరిగి, మళ్ళీ అక్కడికే. పదిహేను చుట్లు. నువ్వు నేర్పిన పదకొండు మంది కొత్తవాళ్ళూ వచ్చారు.

నిజానికి నేను వద్దనుకున్నాను. సంధ్య గుర్తుందిగా, ఖైరతాబాద్ టీచరమ్మ, మలుపు వస్తే కొయ్యబారిపోయేది? ఆమే ఫోను చేసి, సారు లేకపోతే రేసూ లేదా అని అడిగింది. సరేనన్నాను. ఈ ఒక్కటీ నడిపించి క్లాసు మూసేద్దామనుకుని, నీ ఇత్తడి గంట పట్టుకుని ఎప్పటిలాగే ముగింపు గీత దగ్గర నిలబడ్డాను.

మొదటి మలుపులోనే చూశాను. సంధ్య బ్రేకు ముందే పట్టి వదిలేసింది. "బ్రేక్ ముందల్నే పట్టు, మూల తిరిగేటప్పుడు ముట్టకు" అని ఎన్ని వారాలు గొంతు చించుకున్నావో! చూడ్డానికి నువ్వు లేవు. ఏడుపొచ్చింది నాకు.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. వాళ్ళు తిరుగుతున్నారు, నేను నిలబడ్డాను. ఇంకా తిరుగుతున్నారు... ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే పెద్దాయన మూటలు దించుకుని, ఇంకా ఎంతసేపని అడిగాడు. అప్పుడు తెలివొచ్చింది. నేను లెక్కే పెట్టలేదు.

ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పెట్టానా? కొత్తవాళ్ళ వెనకాలే తొక్కుతూ, నన్ను దాటిన ప్రతిసారీ "విమలా, ఇంగ మూడే!", "ఇంగ రెండే!" అని నువ్వే అరిచేవాడివి. "ఒక్కటే!" అనగానే నేను గంట కొట్టేదాన్ని. మొన్నా అంతే... ఆ అరుపు కోసమే చూస్తూ ఉండిపోయాను. వరస చివర నువ్వు వస్తావని. నలభై రోజులు ఇంట్లో ఏడ్చిన మనిషిని, నువ్వు లేవని నాకు తెలియదా?

లెక్క దాటిపోయిందని వాళ్ళలో కొందరికి తెలుసట. అయినా ఒక్కరూ ఆగలేదు. "గంట ఇనవడేదాంక తొక్కుడే, ఎవ్వలు ఆగొద్దు" అని నేర్పింది నువ్వే కదా? చివరికి గంట కొట్టాను. అంత అలసిపోయీ, పదకొండు మందీ సీట్ల మీంచి లేచి తొక్కారు శ్రీనూ! సంధ్య నాలుగో స్థానంలో వచ్చింది.

ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. వచ్చే ఆదివారం ఎన్నింటికి రావాలని మాత్రం అడిగారు. ఆరింటికే రమ్మన్నాను.

పద్నాలుగు చింతగింజలు కడిగి ఆరబెట్టాను. చుట్టుకొకటి డబ్బాలో వేస్తాను. ఆఖరిది పడగానే, పదిహేనో చుట్టుకి గంట కొడతాను. వరస వెనక నీకోసం చూడనని మాటివ్వలేను... గంట మాత్రం ఆపను.

నీ
విమల