గంధం మచ్చ

చిత్తూరు,
24-10-1977

రాజారత్నం బావకు,

నీ క్షేమం అడగడానికి రాయడం లేదు.

మా నాయన బ్రిటిష్ మిలిటరీ రైఫిల్‌ను బాగుచేయిస్తానని తీసుకెళ్లి, తళతళలాడించి తెచ్చిచ్చావు. ఆయుధపూజనాడు అమ్మ దాని కొయ్యకు బొట్టు పెట్టబోయి ఆగిపోయింది. "ఇది మీ నాయనది కాదురా. ముప్పై ఏండ్లు గంధం పెట్టిన మచ్చ యాడబోయింది?" అంది.

పాలిష్‌లో పోయిందేమోనని సిగ్గులేక నీ తరఫున నేనే వాదించాను. తర్వాత భూతద్దం పెట్టి చూశాను. గొట్టం మీద లైసెన్సు నంబరే ఉంది. గొట్టం వెనకాల తూటాను బిగించే బోల్టు మీద వేరే నంబరు. రెండూ ఒకటే ఉండాలని నాకు నేర్పింది నువ్వే.

అసలు బోల్టు, పాత కొయ్య నీ అల్మరాలో ఉన్నాయని అక్కే చెప్పింది. ఆదివారంలోగా తెచ్చివ్వు. తేకపోతే లైసెన్సు పట్టుకుని స్టేషనుకు పోతాను. ఇక నిన్ను బొట్టు పెట్టి పిలిచేది పోలీసులే.

ఇట్లు,
నిన్నటిదాకా నీ బావమరిది